సంచి మగ్గమెక్కితే... ఆవు బతుకుతుంది

*పారేసిన కవరు ముందుగా ఎవరికి దొరుకుతుంది? ఆకలిగొన్న ఆవుకా, పని తెలిసిన చేతికా? ఈ ప్రశ్నకు మంచి జవాబు చెప్పినవాళ్ల కథలివి. అలాంటి జవాబు చెప్పగల చేతులు జనగామ జిల్లా కొడకండ్లలోనూ ఉన్నాయి.*

2019 అక్టోబరు 18. చెన్నై వేపేరిలోని పశువైద్య కళాశాలకు ఓ పాడి ఆవును తెచ్చారు. పాలు తగ్గాయి. నొప్పికి తాళలేక వెనక కాలితో పొట్టను తన్నుకుంటోంది. డాక్టర్లు అయిదున్నర గంటలు ఆపరేషన్ చేసి, దాని కడుపులోంచి 52 కిలోల ప్లాస్టిక్ తీశారు. ఆవు బతికింది.

అంత ప్లాస్టిక్ కడుపులోకి ఎలా చేరింది? ఆవు మేతను ముందు గబగబా మింగి, తర్వాత తీరిగ్గా నెమరేస్తుంది. మనం మిగిలిన అన్నం, కూరగాయల తొక్కలు కవర్లో వేసి ముడేసి పారేస్తాం. ఆ ముడి విప్పడానికి దానికి చేతుల్లేవు కదా, కవరుతో సహా మింగేస్తుంది. అది అరగదు, పేడలోనూ పోదు. మొదటి పొట్టలో ఉండలుగా పేరుకుని మేతకు జాగా లేకుండా చేస్తుంది. పైకి పొట్ట నిండుగా కనిపిస్తున్నా, లోపల పశువు ఆకలితో చిక్కి శల్యమవుతుంది.

ఈ బాధను దేశం ముందు పెట్టింది తెలుగు నేలే. పుట్టపర్తిలో క్లెమెంటీన్ పావ్స్ స్థాపించిన కరుణ సొసైటీ వీధి ఆవులకు ఆపరేషన్లు చేసి, కిలోలకొద్దీ ప్లాస్టిక్ బయటికి తీసింది. 2012లో సుప్రీంకోర్టు తలుపు తట్టింది. అదే ఏడాది 'ద ప్లాస్టిక్ కౌ' డాక్యుమెంటరీ ఈ ఆవుల కథను వినిపించింది.

కిలోకు కిలో

చెన్నైలో ఆ ఆపరేషన్ జరుగుతున్న రోజుల్లోనే, భూపాలపల్లి నుంచి విడివడి అప్పటికి ఏడాదైనా నిండని ములుగు జిల్లా ఓ మంచి పని మొదలుపెట్టింది. కిలో ప్లాస్టిక్ తెస్తే కిలో బియ్యం ఇస్తామని అప్పటి కలెక్టర్ సి. నారాయణరెడ్డి ప్రకటించారు. అక్టోబరు 16 నుంచి 26 వరకు పల్లెల్లో సేకరణ సాగింది. పెంటకుప్పల మీద, కాల్వల్లో పడి ఉన్న కవర్లను జనం ఏరి తెచ్చారు. ఎవరికీ అక్కరలేదని పారేసినదానికి అన్నమంత విలువ కట్టిన ఆలోచన అది.

అదే నెల ఒకటిన నోయిడాలో పెద్ద చరఖాను ఆవిష్కరించారు. గాంధీజీ 150వ జయంతి సందర్భంగా 1,250 కిలోల వ్యర్థ ప్లాస్టిక్‌తో చేసిన చరఖా అది. నూలు వడికే యంత్రాన్ని పారేసిన ప్లాస్టిక్‌తో నిలబెట్టడం చేనేత ఎరిగిన మనకు దగ్గరి సంగతి.

మొంబాసా నేస్తాలు

పనికిరాదని వదిలేసినదాన్ని బాగుచేస్తే ఏం దొరుకుతుందో చెప్పే కథ కెన్యాలోనూ ఉంది. 2004 డిసెంబరు సునామీ రోజుల్లో కెన్యా తీరంలో ఓ నీటిగుర్రం పిల్ల తల్లికీ మందకూ దూరమై సముద్రంలో చిక్కుకుంది. జనం వలలు వేసి ఒడ్డుకు లాగి, మొంబాసాలోని హాలర్ పార్కుకు తరలించారు. అక్కడ దిగీదిగగానే ఆ పిల్ల నేరుగా వెళ్లి ఓ ముసలి తాబేలు వెనక నక్కింది. మొదట్లో తాబేలు విసుక్కుని పక్కకు జరిగేది. కొన్నాళ్లకు రెండూ కలిసి తినడం, ఒకదాన్నొకటి ఆనుకుని పడుకోవడం అలవాటు చేసుకున్నాయి. ఓవెన్ అనే ఆ పిల్ల, మ్జీ అనే ఆ తాబేలుల స్నేహం పుస్తకంగా ప్రపంచమంతా తిరిగింది.

ఆ పార్కు ఒకప్పుడు సిమెంటు కోసం సున్నపురాయి తవ్వి వదిలేసిన గుంత. 1971లో రెనే హాలర్ అక్కడ సరుగుడు మొక్కలు నాటడంతో దానికి ప్రాణం వచ్చింది. పనికిరాదని వదిలేసిన నేలను బాగుచేస్తేనే ఆ స్నేహానికి చోటు దొరికింది. అదే కెన్యాలో 'ఓషన్ సోల్' కళాకారులు సముద్రం ఒడ్డుకు తోసిన పాత చెప్పుల్ని కడిగి, అతికించి, చెక్కి ఏనుగుల్ని, జిరాఫీల్ని చేస్తున్నారు. అమెరికాలోని ఓరెగన్‌లో ఆంజెలా హేసెల్‌టైన్ పోజీ 2010 నుంచి తీరంలో ఏరిన ప్లాస్టిక్‌తోనే సముద్ర జీవుల శిల్పాలు నిలబెడుతున్నారు. జీవుల్ని చంపే చెత్తతోనే వీళ్లు జీవుల రూపాలు కడుతున్నారు.

మనకూ ఇది తెలియని విద్య కాదు. చేర్యాల నకాషీ కళాకారులు రంపపు పొట్టును చింతగింజల జిగురుతో కలిపి బొమ్మలు చేస్తారు. ఇక జీవుల స్నేహమంటారా, మంద వెంట తిరిగే కుక్క రాత్రంతా గొర్రెలకు కాపలా ఉండటం మన పల్లెల్లో ఎవరూ వార్తగా చెప్పుకోరు. అంత మామూలు స్నేహం అది.

కొడకండ్ల చేతిలో పని

పుణెలో అమితా దేశ్‌పాండే ప్రారంభించిన 'రీచరఖా' సంస్థ పాత కవర్లను కడిగి, ఆరబెట్టి, పొడవాటి పట్టీలుగా కత్తిరించి, చరఖా మీద చుట్టి, చేమగ్గం మీద నేయిస్తోంది. పేకగా ఆ పట్టీలే నడుస్తాయి. కరిగించడం లేదు, పొగ లేదు. సంచులు, చాపలు తయారవుతాయి.

ఈ పని వివరించగానే ముందుగా అర్థమయ్యేది నేతన్నలకే. కొడకండ్ల సాలెలకు పడుగు, పేక, కండె, నాడె ఇంట్లో మాటలు. ఉన్న ఊళ్లో పని చాలక సూరత్, భివండి, షోలాపూర్ బాట పట్టిన కుటుంబాలు ఈ ప్రాంతంలో ఎన్నో. కవర్ల నేత ఒక్కటే వాళ్లందరికీ బువ్వ పెడుతుందని చెప్పలేం. కానీ ఊళ్లో ఓ మగ్గం మీద మొదలుపెట్టడానికి కావాల్సిన పనితనం ఇక్కడుంది. కవర్లకు కొదవ లేదు. మహిళా సంఘాలు ఏరి, కడిగి ఇస్తే, చేనేత సహకార సంఘం నేయిస్తే, జనగామ, పాలకుర్తి సంతలకు చేతిసంచులు ఇక్కడి నుంచే వెళ్లొచ్చు. గజేంద్రుడి మొరను పద్యాల్లో వినిపించిన పోతన పేరుతో ముడిపడ్డ బమ్మెర ఈ ప్రాంతంలోనే ఉంది. మూగజీవి మొర వినడం ఈ నేలకు కొత్త కాదు.

2022 జులై 1 నుంచి ఒక్కసారి వాడి పారేసే ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, చెంచాలపై దేశమంతటా నిషేధం ఉంది. ఆ ఏడాది డిసెంబరు 31 నుంచి 120 మైక్రాన్లకన్నా పలచని సంచులూ నిషిద్ధమే. చట్టం తన పని చేసింది, మిగిలింది మన గడప దగ్గరి పని. మిగిలిన అన్నాన్ని కవర్లో కట్టి విసరకండి, కుడితి గోళెంలో పోయండి. దావత్‌లకు మోదుగాకు విస్తర్లు తెప్పించండి. సంతకు వెళ్లేటప్పుడు గుడ్డసంచి పట్టుకెళ్లండి. ఇంట్లో పేరుకున్న కవర్లను కడిగి విడిగా ఉంచి, పంచాయతీ బండికి అప్పగించండి. మీ వాడలోని బర్రెకూ ఆవుకూ మీరు చేయగలిగిన మొదటి మేలు ఇదే. ఈ ఆదివారమే మొదలుపెట్టండి.