సముద్రపు వేడి, మన చెల్కల్లో విత్తు



అచ్చంపేటకు సముద్రం చాలా దూరం. నల్లమల అంచున చెల్క దున్నుకునే మనకు దాని వేడితో ఏం పని అని అడగవచ్చు. మృగశిరలో మన చేను తడిపే మేఘం సముద్రపు నీరే గదా! అందుకే ఎండాకాలంలో “ఎల్ నినో వస్తున్నది, వానలు తక్కువ” అనే కబురు వినిపిస్తూ వుంటుంది. దానిని ఎంతవరకు నమ్మాలో చూద్దాం.

సముద్రాన్ని చూడడానికే మన దేశం ఓషన్‌శాట్ ఉపగ్రహాలను 1999లో, 2009లో, 2022లో పంపింది. ఉపగ్రహాల సమాచారం అందుకునే పెద్ద గిన్నెలవంటి ఏంటెన్నాలు మనకు దగ్గరలో, షాద్‌నగర్‌లో వున్నవి. హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ ఇటువంటి సమాచారంతో చేపలు దొరికే తావులు జాలర్లకు చెబుతుంది. సముద్రపు వేడి చూపే పటాలు దాని వెబ్‌సైటులో ఎవరైనా చూడవచ్చు.

పటంలో ఎరుపు కనబడగానే కంగారు పడరాదు. ముందు రంగుల పట్టీ చదవండి. కొన్ని పటాలు వున్న వేడిని చూపుతవి. కొన్ని ముప్పై ఏళ్ల సగటుకంటే ఎంత తేడా వున్నదో చూపుతవి. మనకు కావలసినది ఈ రెండో రకం. మే నెలలో బావిలో నాలుగు గజాల నీళ్లున్నవంటే ఎక్కువా, తక్కువా? ఏటా మేలో ఎంత వుంటుందో తెలిస్తేనే గదా చెప్పగలం! పసిఫిక్ నడిమి భాగం సగటుకంటే అర డిగ్రీ, ఆపైన వేడెక్కి నెలల తరబడి అట్లాగే నిలిస్తే, అది ఎల్ నినో.

ఉపగ్రహానికి నీటి పైపొర వేడి మాత్రమే తెలుస్తుంది. మబ్బు అడ్డమైతే కొన్ని పరికరాలకు అదీ కనబడదు. అందుకని ఆర్గో అనే తేలే యంత్రాలను సముద్రాల్లో వదిలారు. అవి సుమారు పది రోజులకొకసారి 2,000 మీటర్ల లోతునుంచి పైకి వస్తూ వేడిని, ఉప్పదనాన్ని కొలుస్తవి. మనం మట్టిలోకి వేలు గుచ్చి పదును చూసినట్లే.

2009లో ఎల్ నినో వచ్చింది. దేశం మొత్తంమీద వానాకాలపు వర్షం సగటులో 78 శాతమే పడ్డది. 1997లో అంతకు మించిన ఎల్ నినో వచ్చినా 102 శాతం పడ్డది. ఆ ఏడు హిందూ మహాసముద్రపు పడమటి భాగం వేడెక్కి, తూర్పు భాగం చల్లబడింది. ఆ తేడా మన వానలకు సాయపడిందని చాలామంది శాస్త్రజ్ఞులంటారు. పసిఫిక్ ఒక్కటే చూసి కరువని చాటింపు వేసేవారి మాట నాకు నచ్చదు.

పైగా అది దేశం లెక్క. అచ్చంపేటలో పడ్డ వాన అమ్రాబాదులో పడకపోవచ్చు. ఎల్ నినో కబురున్న ఏడు చెల్కంతా పత్తే పెట్టక, కొంత కందికీ, జొన్నకూ, ఆముదానికీ వుంచుకోండి. పత్తి గింజ మాత్రం 60 నుంచి 75 మిల్లీమీటర్ల వాన పడి, నేల లోతుగా తడిసిన తరువాతే పెట్టాలి. తొలి జల్లుకే పెట్టి, ఆపైన రెండు వారాలు వాన మొగం చాటేస్తే మొలక మాడిపోతుంది. మళ్లీ పొట్లాలు కొనాలి, అదీ అప్పు తెచ్చి!

విత్తే వారం తేల్చుకునేందుకు పాలెం పరిశోధనా స్థానం మంగళ, శుక్రవారాల్లో ఇచ్చే వాతావరణ సలహా వున్నది. విస్తరణ అధికారులు దానిని రైతువేదిక బోర్డుమీద పెద్ద అక్షరాలతో, తేదీ వేసి మరీ రాయించాలి.