ప్రయాణం ఒకరోజు.. విహారం మరోరోజు

చిన్నారులతో ఫిల్మ్‌సిటీకి వెళ్లేవారు చేరే రోజును ఎలా గడపాలంటే..

ఇబ్రహీంపట్నం: అర్ధరాత్రి దాటాక, గాఢనిద్రలో ఉన్న నాలుగేళ్ల పాపను దుప్పటిలో చుట్టి కారెక్కిస్తారు. తెల్లవారేసరికి హైదరాబాద్‌ శివారుకు చేరుకుంటారు. పెట్రోలు బంకులో ముఖం కడిగించి, ఉదయం తొమ్మిదింటికల్లా రామోజీ ఫిల్మ్‌సిటీ టికెట్ల వరుసలో నిలబడతారు. మధ్యాహ్నం రెండు గంటలయ్యేసరికి పాప తండ్రి భుజం మీద నిద్రపోతుంది. చూడాలని నెలరోజులుగా కలలుగన్న ప్రదర్శన అప్పుడే మొదలవుతుంది. చీకటి పడగానే మళ్లీ తిరుగు ప్రయాణం. సెలవులు వస్తే ఈ ప్రాంతం నుంచి బయలుదేరే పలు కుటుంబాల యాత్ర ఈ తీరునే సాగుతోంది. గది అద్దె మిగిలిందన్న తృప్తి పెద్దలకు దక్కుతుంది. పిల్లలకు మాత్రం అలసటే మిగులుతుంది. చేరే రోజును చేరడానికే కేటాయించుకుంటే ఈ ఇబ్బంది చాలావరకు తప్పుతుంది.

దారిలోనే గమ్యం

1996లో ప్రారంభమైన రామోజీ ఫిల్మ్‌సిటీ 1,666 ఎకరాల విస్తీర్ణంతో ప్రపంచంలోనే అతిపెద్ద చిత్ర నిర్మాణ ప్రాంగణంగా గిన్నిస్‌ పుస్తకంలోకి ఎక్కింది. రంగారెడ్డి జిల్లా అబ్దుల్లాపూర్‌మెట్‌ సమీపంలో, విజయవాడ - హైదరాబాద్‌ 65వ నంబరు జాతీయ రహదారిని ఆనుకునే ఉంది. ఇబ్రహీంపట్నం రింగ్‌ సెంటర్‌ నుంచి సుమారు 225 కిలోమీటర్లు. ఇక్కడి నుంచి వెళ్లేవారు గుర్తుంచుకోవలసిన మొదటి విషయం ఇదే. ఫిల్మ్‌సిటీ హైదరాబాద్‌ తరువాత రాదు, ముందే వస్తుంది. చౌటుప్పల్‌ దాటి కొంతదూరం వెళ్లాక ఎడమవైపు దాని ద్వారం కనిపిస్తుంది. అది తెలియక నేరుగా నగరంలోకి వెళ్లి బస చేసేవారు మర్నాడు వచ్చిన దారినే 30 కిలోమీటర్లు వెనక్కి రావలసి వస్తుంది. ఉదయం వేళ నగర రద్దీలో ఈ దూరం గంటన్నర కాలాన్ని మింగేస్తుంది. అందువల్ల బస ఎక్కడన్నది నిర్ణయించుకున్న తరువాతే బయలుదేరే వేళను నిశ్చయించుకోవాలి.

నిద్ర అప్పు తీరదు

మూడు నుంచి అయిదేళ్ల పిల్లలకు పగటి కునుకుతో కలిపి రోజుకు 10 నుంచి 13 గంటలు, ఆరు నుంచి పన్నెండేళ్ల వారికి 9 నుంచి 12 గంటల నిద్ర అవసరమని వైద్యులు చెబుతారు. రాత్రి రెండింటికి లేపితే అందులో సగం పోతుంది. కారులో పడుకుంటారులే అనుకోవడం పొరపాటు. టోల్‌గేట్ల వద్ద వేగం తగ్గినప్పుడల్లా, హారన్‌ మోగినప్పుడల్లా ఉలిక్కిపడి లేస్తారు. ఆ లోటు మధ్యాహ్నానికి మొండితనంగా, ఏడుపుగా, తిండి మీద అయిష్టంగా బయటపడుతుంది. పెద్దలు దానిని అల్లరిగా భావించి కసురుకుంటారు.

అంతకంటే ముఖ్యమైనది ప్రాణ రక్షణ. రాత్రి రెండు నుంచి తెల్లవారుజామున ఆరు వరకు మనిషి శరీరం సహజంగానే నిద్రను కోరుతుంది. వాహనం నడిపేవారికి తెలియకుండానే క్షణకాలం కళ్లు మూతపడతాయి. గంటకు 90 కిలోమీటర్ల వేగంతో వెళుతున్న కారు ఒక్క సెకనులో 25 మీటర్లు ముందుకు పోతుంది. రోడ్డు పక్కన ఆగి ఉన్న లారీ చీకట్లో కనిపించదు. పగలంతా ఉద్యోగం చేసి, రాత్రికి సామాన్లు సర్ది, రెండు గంటలు మాత్రమే పడుకున్న తండ్రే స్టీరింగ్‌ పట్టడం ఈ ప్రయాణాల్లోని అసలు ప్రమాదం. గది అద్దె ఎంతయినా దాని ముందు స్వల్పమే.

ఆరింటికి బయలుదేరితే..

తెలతెలవారుతుండగా, ఆరు గంటల ప్రాంతంలో బయలుదేరడం అన్నివిధాలా అనుకూలం. పిల్లలు తమంతట తాము లేచే వేళకు అది దగ్గరగా ఉంటుంది. ప్రయాణం పడమటి దిక్కుకు కాబట్టి ఉదయపు ఎండ వీపు వైపు ఉంటుంది, నడిపేవారి కళ్లలో పడదు. అదే మధ్యాహ్నం తరువాత బయలుదేరితే సూర్యుడు ఎదురుగా ఉంటాడు.

నందిగామ, జగ్గయ్యపేట దాటాక గరికపాడు వద్ద తెలంగాణ సరిహద్దు వస్తుంది. కోదాడలో ఒకసారి, సూర్యాపేటలో మరోసారి ఆగాలి. సూర్యాపేట దాదాపు సగం దారి. అక్కడ అరగంటకు తగ్గకుండా ఆగి, పిల్లలను దింపి నడిపించాలి. దారిలో కీసర, కొర్లపహాడ్‌, పంతంగి వద్ద టోల్‌ప్లాజాలు ఉన్నాయి. ఫాస్టాగ్‌లో సొమ్ము ఉన్నదీ లేనిదీ ముందురోజే చూసుకోవాలి. ఇలా వెళితే పదకొండున్నర, పన్నెండు మధ్య గమ్యం చేరవచ్చు. లాడ్జీలు, హోటళ్లు చాలావరకు గదిని అప్పగించేది మధ్యాహ్నమే. తెల్లవారుజామున చేరినవారు లాబీలో సామాన్ల మధ్య పిల్లలతో పడిగాపులు పడేది ఇందువల్లే.

సంక్రాంతికి వెళ్లేవారు రద్దీ దిశను గమనించాలి. పండుగకు ముందు రద్దీ హైదరాబాద్‌ నుంచి ఇటువైపు ఉంటుంది. కనుమ తరువాత అందరూ తిరిగి అటు వెళతారు. పండుగ ముగిశాక బయలుదేరితే పంతంగి వద్ద బారులు తీరిన వాహనాల్లో చిక్కుకోక తప్పదు.

దారిలో వాంతులు కాకుండా

రెండేళ్ల నుంచి పన్నెండేళ్ల లోపు పిల్లల్లో ప్రయాణపు వికారం ఎక్కువ. కడుపు నిండా పాలు పట్టించి కారెక్కించడం, చేతికి సెల్‌ఫోన్‌ ఇచ్చి బొమ్మలు చూపించడం దీనికి ప్రధాన కారణాలు. కళ్లు కదలని తెరను చూస్తుంటే, చెవిలోని సమతౌల్య అవయవం కదలికను గుర్తిస్తుంది. ఈ రెండూ పొసగక వికారం పుడుతుంది. ఒక ఇడ్లీయో, రెండు బిస్కెట్లో పెట్టి, కిటికీలోంచి దూరంగా కనిపించే కొండలను, చెట్లను చూపించాలి. వాంతి నిరోధక మందును వైద్యుడి సలహాతోనే, పిల్లల బరువును బట్టి ఇవ్వాలి.

పిల్లలను ముందు సీటులో ఒళ్లో కూర్చోబెట్టుకోవడం ఏమాత్రం మంచిది కాదు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం 14 ఏళ్లలోపు పిల్లలకు సీటు బెల్టు గాని, వారి కోసం ఉద్దేశించిన రక్షణ ఆసనం గాని తప్పనిసరి. లేకుంటే వెయ్యి రూపాయల జరిమానా. జరిమానా మాట అటుంచితే, హఠాత్తుగా బ్రేకు వేసినప్పుడు ఒళ్లోని బిడ్డను చేతులతో ఆపడం ఎవరి తరమూ కాదు.

చేరాక ఏం చేయాలి

మధ్యాహ్నం చేరారు కదా, ఈ పూటే లోపలికి వెళదామన్న ఆలోచన చాలామందికి వస్తుంది. ఇది నష్టదాయకం. సాధారణ టికెట్టు తీసుకున్న రోజుకే చెల్లుతుంది. ఒంటిగంటకు లోపలికి వెళ్లినా సొమ్ము పూర్తిగా చెల్లించాలి, దక్కేది సగం రోజే. పైగా ప్రధాన ద్వారం నుంచి లోపలి వినోద ప్రాంగణానికి సంస్థ బస్సుల్లోనే వెళ్లాలి. యురేకాకు చేరి, సెట్టింగులు చూపే బస్సు ఎక్కేసరికి చాలా సమయం గడిచిపోతుంది. ప్రదర్శనలు నిర్ణీత వేళల్లోనే ఉంటాయి. ఒకటి తప్పిపోతే దాని వెంట మరొకటి తప్పుతుంది.

భోజనం చేసి, స్నానాలు చేయించి, నాలుగు వరకు పిల్లలను నిద్రపుచ్చడం ఉత్తమం. సాయంత్రం కాళ్లు సాగడానికి ఏదైనా ఒక్కచోటికి వెళితే చాలు. ఫిల్మ్‌సిటీకి దగ్గరలో గుట్ట మీద ఉన్న సంఘీ దేవాలయం అందుకు అనువైనది. చార్మినార్‌, ట్యాంక్‌బండ్‌ ఆ పూటే చూసేయాలని నగరంలోకి వెళితే తిరిగి వచ్చేసరికి రాత్రి పదవుతుంది. ఎనిమిది లోపు పెరుగన్నం వంటి తేలికైన ఆహారం పెట్టి, తొమ్మిదికల్లా పడుకోబెట్టాలి. మర్నాడు తలుపులు తెరిచే వేళకు పిల్లలు హుషారుగా ఉంటారు. చిన్నారుల కోసం ఏర్పాటుచేసిన ఫండుస్థాన్‌ వంటి విభాగాలను రద్దీ పెరగకముందే చూడవచ్చు.

రైలులో, బస్సులో వెళ్లేవారికి

విజయవాడలో రైలెక్కినవారు ఖమ్మం, కాజీపేట మీదుగా సికింద్రాబాద్‌ చేరతారు. అక్కడి నుంచి ఫిల్మ్‌సిటీకి నగరాన్ని దాటుకుని తూర్పు వైపు వెనక్కి రావాలి. రాత్రి రైళ్లు తెల్లవారుజామున దించుతాయి కాబట్టి పిల్లలున్నవారికి పగటి రైలే మేలు. రైల్లో అయిదేళ్లలోపు పిల్లలకు టికెట్టు అవసరం లేదు. అయిదు నుంచి పదకొండేళ్ల వారికి ప్రత్యేకంగా బెర్తు కోరితే 2016 నుంచి పూర్తి ఛార్జీ వసూలు చేస్తున్నారు. బస్సులో అయితే మధ్యలోనే దిగే వీలుంది. ఫిల్మ్‌సిటీ వద్ద ఆపుతారో లేదో టికెట్టు తీసుకునేటప్పుడే కనుక్కోవాలి. అద్దె కారయితే తెలంగాణలో ప్రవేశించేందుకు అనుమతి ఉన్నదీ లేనిదీ, డ్రైవరు రాత్రి బస ఎక్కడన్నదీ ముందుగానే మాట్లాడుకోవాలి.

ఖర్చు లెక్క

రెండు రోజులంటే ఒక రాత్రి బస ఖర్చు అదనం. మధ్యతరగతి కుటుంబానికి ఇది ఆలోచించవలసిన విషయమే. ఫిల్మ్‌సిటీ లోపలే విలాసవంతమైన సితార, మధ్యతరగతికి తార, ఇంకా తక్కువ ఖర్చులో శాంతినికేతన్‌ వంటి వసతులు ఉన్నాయి. సెలవుల్లో ధరలు మారుతాయి కాబట్టి ముందుగా విచారించుకోవాలి. అది భారమనుకుంటే హయత్‌నగర్‌, వనస్థలిపురం, ఎల్బీనగర్‌ వైపు బస చూసుకోవచ్చు. ఆ ప్రాంతాల్లో బంధువులుంటే మరీ మంచిది. బంధువులు కూకట్‌పల్లిలోనో, మియాపూర్‌లోనో ఉంటే మాత్రం పెద్ద అంబర్‌పేట వద్ద బాహ్యవలయ రహదారి ఎక్కి నగరాన్ని చుట్టి వెళ్లాలి, మర్నాడు మళ్లీ అంతదూరం రావాలి. అటువంటప్పుడు ముందు విహారం పూర్తిచేసుకుని, చుట్టపుచూపును చివరికి ఉంచుకోవడం యుక్తం. 2016లో రావిర్యాల వద్ద ప్రారంభమైన వండర్‌లాకు వెళ్లేవారికీ ఇదే దారి. పెద్ద అంబర్‌పేట వద్ద వలయ రహదారి ఎక్కి శంషాబాద్‌ దిశగా వెళితే రావిర్యాల వస్తుంది. అక్కడ పిల్లల టికెట్టూ, ఎక్కగలిగే ఆటలూ వయసును బట్టి కాక ఎత్తును బట్టి ఉంటాయి. బయలుదేరే ముందే ఇంట్లో గోడ వద్ద నిలబెట్టి కొలుచుకుంటే, ద్వారం వద్ద పిల్లలు చిన్నబుచ్చుకోకుండా ఉంటారు.

అమెరికాలోనూ ఇదే సూత్రం

కృష్ణా తీరం నుంచి అమెరికాలోని పిల్లల వద్దకు వెళ్లే పెద్దలు ఎందరో. మనవలతో కలిసి ఫ్లోరిడాలోని డిస్నీ వరల్డ్‌కు వెళ్లడం వారికి ముచ్చట. 1971 అక్టోబరు 1న ప్రారంభమైన ఆ కేంద్రంలోనూ ప్రవేశాన్ని రోజుల లెక్కన కొనాలి. విమానం దిగిన రోజుకు టికెట్టు కొనక, ఈతకొలనులోనో, బస చుట్టుపక్కలో గడిపేవారు అక్కడ చాలామందే. ఇక్కడి నుంచి వెళ్లినవారికి కాలభేదం కాలాన్ని బట్టి తొమ్మిదిన్నర లేదా పదిన్నర గంటలు. అక్కడ పగలయితే శరీరానికి రాత్రి. ఒకరోజు కాదు, మూడు నాలుగు రోజులు ఆగినా తప్పులేదు.

ఊరి పేరుతో జాగ్రత్త

తిరుగు ప్రయాణంలో ఇక్కడివారికి మాత్రమే ఎదురయ్యే చిక్కు ఒకటుంది. ఫిల్మ్‌సిటీ ఉన్న రంగారెడ్డి జిల్లాలోనే మరో ఇబ్రహీంపట్నం ఉంది. సెల్‌ఫోన్‌ పటంలో ఊరిపేరు మాత్రమే రాస్తే దగ్గరలోని ఆ ఊరికే దారి చూపవచ్చు. హైదరాబాద్‌ సిటీ బస్సుల మీద కనిపించే ఇబ్రహీంపట్నం కూడా అదే. ‘విజయవాడ’ అనో, ‘కొండపల్లి’ అనో రాసుకోవడం మంచిది. ఉదయం బయలుదేరితే ఈసారి ఎండ కళ్లలో పడుతుంది కాబట్టి కాస్త పొద్దెక్కాక కదలాలి. విహారం ముగిసిన రాత్రే బయలుదేరడం, వచ్చేటప్పుడు తప్పించుకున్న ప్రమాదాన్ని పోయేటప్పుడు కొనితెచ్చుకోవడమే.

ఇవి మరవొద్దు

* ఓఆర్‌ఎస్‌ ప్యాకెట్లు, జ్వరం మందు, పిల్లలు రోజూ వాడే మందులు చేతిసంచిలోనే ఉంచుకోవాలి.
* ఒక్కొక్కరికి రెండు జతల బట్టలు పైసంచిలో ఉంటే దారిలో పెట్టె తెరవనక్కర్లేదు.
* తల్లిదండ్రుల ఫోన్‌ నంబరు రాసిన చీటీ పిల్లల జేబులో ఉంచాలి.
* గది కోసం గుర్తింపు కార్డు, వయసు నిర్ధారణకు పిల్లల ఆధార్‌ వెంట తీసుకెళ్లాలి.
* వినోద కేంద్రాలు చాలావరకు బయటి ఆహారాన్ని అనుమతించవు. పసిపిల్లల ఆహారం గురించి ముందే అడిగి తెలుసుకోవాలి.
* పనివేళలు, టికెట్టు ధరలు మారుతుంటాయి. ఒకరోజు ముందు సరిచూసుకోవాలి.

విహారయాత్ర నుంచి వచ్చిన పిల్లలను బడిలో నేస్తాలు అడిగేది ఏం చూశావనే. ఎన్ని గంటలకు బయలుదేరారో, గది అద్దె ఎంత మిగిలిందో ఎవరూ అడగరు. చూసినదంతా ఆ పసివారికి గుర్తుండాలంటే ముందురోజు రాత్రి వారిని హాయిగా పడుకోనివ్వాలి.