ఎండాకాలం పడవకు ఒడ్డే ఇల్లు!

మస్కట్: అల్ బుస్తాన్ రౌండబౌట్ మీదుగా డ్యూటీకి వెళ్లే మనవాళ్లందరికీ అక్కడ నిలబెట్టిన చెక్క పడవ తెలిసే ఉంటుంది. దాని పేరు సొహార్. సూర్‌లో ఒక్క మేకు కూడా కొట్టకుండా కొబ్బరి తాడుతో కుట్టిన ఈ పడవ 1980 నవంబరులో టిమ్ సెవెరిన్ బృందంతో మస్కట్ నుంచి బయల్దేరి, 1981లో చైనాలోని కాంటన్ చేరింది. దాని కలప మన మలబార్ తీరానిది. కొబ్బరి పీచు లక్షద్వీప్‌ది. ఇప్పుడది నేల మీదే ఉంటోంది.

నీళ్లలో తేలే పడవను నేల మీద ఉంచడం అంత తేలిక కాదు. యూరప్‌లో చలికాలం వస్తే పడవలను ట్రైలర్లెక్కించి షెడ్లకు చేరుస్తారు. ఒమన్‌లో లెక్క తిరగబడుతుంది. ఇక్కడ తెరచాప పడవలకు చలికాలమే సీజన్, విశ్రాంతి ఎండాకాలంలో. సలాలా వైపు ఖరీఫ్ నెలల్లో సముద్రం పోటెత్తుతుంది కాబట్టి చిన్న పడవలు ఒడ్డెక్కుతాయి. మన కోస్తాలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధంలో బోట్లు ఒడ్డున ఉన్నట్టే!

బరువంతా వెన్ను మీదే

కీల్ అంటే పడవకు వెన్నెముక. 1929లో యోహాన్ ఆంకర్ గీసిన డ్రాగన్ అనే పోటీ పడవనే చూడండి. పొడవు దాదాపు 8.9 మీటర్లు, బరువు సుమారు 1,700 కిలోలు. అందులో సగానికి పైగా అడుగున ఉన్న కీల్‌దే. ట్రైలర్ మీద పెట్టినా, స్టాండ్ల మీద పెట్టినా బరువు కీల్ మీదే ఆనాలి. పక్కనున్న మెత్తలు పడవ ఒరగకుండా పట్టుకోవడానికే. వాటి మీద భారం పడితే చెక్క లోపలికి నొక్కుకుపోతుంది.

రోడ్డెక్కే ముందు స్తంభం దించి, పొడవునా పడుకోబెట్టి కట్టాలి. వెనక్కి పొడుచుకొచ్చిన కొసకు ఎర్రగుడ్డ తప్పనిసరి. మొత్తం బరువులో 5 నుంచి 10 శాతం బండి కొక్కెం మీద పడేలా సర్దాలి. బరువు వెనక్కి వాలితే ట్రైలర్ పాములా ఊగుతుంది. కొద్ది దూరం పోయాక ఆగి బెల్టులు మళ్లీ బిగించాలి. ఉప్పునీళ్లలో దిగిన చక్రాలను, బేరింగులను మంచినీళ్లతో కడగకపోతే తుప్పు ఖాయం.

ఎండే అసలు శత్రువు

చెక్క ఎండితే కుంచించుకుపోతుంది, పలకల మధ్య సందులు విచ్చుకుంటాయి. అందుకే నీడ కావాలి. పట్టా కప్పినా గాలి ఆడే దారి వదలాలి, లేకపోతే లోపల ఉక్కకు చెక్క కుళ్లుతుంది. అడుగున నీళ్లు పోయే బిరడా తీసి ఉంచాలి. మళ్లీ నీళ్లలో దించినప్పుడు మొదట కొంత నీరు ఊరుతుంది, చెక్క ఉబ్బాక సందులు మూసుకుంటాయి. కంగారు పడక్కర్లేదు గానీ, మొదటి రోజు పంపు దగ్గర మనిషి ఉండాల్సిందే.

ప్రాణం ముందు, పడవ తర్వాత

యార్డుల్లో పనిచేసే మనవాళ్లు ఒక్క మాట గుర్తుంచుకోవాలి. పడవను ఎత్తినప్పుడు దాని కిందకు ఎవరూ దూరకూడదు. ఎదురెదురు స్టాండ్లను గొలుసుతో కలిపి కట్టాలి. రంగు వేయడానికి అడ్డొచ్చిందని ఒక స్టాండును మీరే జరపకండి. మరో ఆధారం పెట్టించాకే తీయాలి, అదీ ఫోర్‌మన్ దగ్గరుండగానే. 2007 జూన్‌లో గోను, 2021 అక్టోబరులో షాహీన్ తుపాన్లు ఈ తీరాన్ని ఎంత కుదిపాయో తెలిసిందే. హెచ్చరిక వస్తే ముందుగానే కట్లు పెంచి, గాలి మొదలయ్యాక పడవల మధ్యకు వెళ్లకూడదు.

జూన్, జూలై, ఆగస్టు నెలల్లో మధ్యాహ్నం 12.30 నుంచి 3.30 వరకు ఆరుబయట పని చేయించకూడదని ఒమన్ నిబంధన. పడవకు నీడ వెతికే ముందు, దాన్ని మోసే మనిషికి నీడ దొరికిందో లేదో చూసుకోండి.