గ్యాస్ ఎక్కని ఏసీ: నింపడానికి ముందే నిర్ధారణ

వరి ఆకు పసుపు రంగుకు తిరగగానే యూరియా చల్లడం చాలా గ్రామాల్లో అలవాటు. ఆ పసుపు నత్రజని లోపం వల్ల వచ్చిందా, ఇనుప ధాతు లోపం వల్ల వచ్చిందా, నీరు నిలిచి వేర్లకు గాలి అందకపోవడం వల్ల వచ్చిందా అని చూడకుండా వేసిన ఎరువు చాలాసార్లు ఖర్చునే మిగులుస్తుంది. వాహనాల ఏసీ విషయంలోనూ ఇదే జరుగుతున్నది. చల్లదనం తగ్గగానే ‘గ్యాస్ అయిపోయింది, నింపించాలి’ అనే నిర్ణయానికి వస్తారు. అయితే కొన్ని వాహనాల్లో గ్యాస్ లోపలికి పోదు. కొన్నింటిలో పోయినా చల్లదనం రాదు. మరికొన్నింటిలో వచ్చిన చల్లదనం పక్షం రోజుల్లో పోతుంది. ఈ మూడూ వేర్వేరు లోపాలకు గుర్తులు. మూడింటికీ మందు ఒకటే అనుకోవడం వల్ల డబ్బు, కంప్రెసర్, వాతావరణం మూడూ దెబ్బతింటాయి.

కార్లకు మాత్రమే పరిమితమైన సమస్య కాదిది. ఏసీ క్యాబిన్ గల ట్రాక్టర్లలో, కంబైన్ హార్వెస్టర్లలో ఉండేదీ సూత్రరీత్యా కారులోని వ్యవస్థే. ఏప్రిల్, మే నెలల్లో రబీ వరి కోసే హార్వెస్టర్ డ్రైవరు ఏసీ పనిచేయకపోతే తలుపులు తెరిచి నడపక తప్పదు. అప్పుడు 40 డిగ్రీల ఎండ, వరి నుసి, దుమ్ము నేరుగా అతని మీద పడతాయి. అందువల్ల ఈ వ్యవస్థ గురించిన ప్రాథమిక అవగాహన విస్తరణ శాస్త్రవేత్తలకూ, విద్యార్థులకూ అవసరం.

వ్యవస్థ పనిచేసే తీరు

వాహన ఏసీలో తిరిగే శీతలకాన్ని మెకానిక్కులు గ్యాస్ అంటారు. నేడు రోడ్లపై ఉన్న వాహనాల్లో ఎక్కువగా కనిపించేది ఆర్-134ఎ. సాధారణ వాతావరణ పీడనం వద్ద ఇది మైనస్ 26 డిగ్రీల సెల్సియస్ వద్దనే మరుగుతుంది. ఇంజిన్ బెల్టుతో తిరిగే కంప్రెసర్ అల్పపీడనంలో ఉన్న ఆవిరిని పీల్చి, నొక్కి, అధిక పీడనంతో ముందుకు పంపుతుంది. రేడియేటర్ ముందుండే కండెన్సర్‌లో ఆ ఆవిరి తన వేడిని బయటి గాలికి వదలి ద్రవంగా మారుతుంది. రిసీవర్ డ్రయర్ అందులోని తేమను పట్టుకుంటుంది. ఎక్స్‌పాన్షన్ వాల్వ్‌లోని సన్నని రంధ్రం దాటగానే పీడనం ఒక్కసారిగా పడిపోతుంది. డ్యాష్‌బోర్డు వెనుక ఉండే కూలింగ్ కాయిల్‌లో ద్రవం మరుగుతూ క్యాబిన్‌లోని వేడిని గ్రహించి, ఆవిరిగా మళ్ళీ కంప్రెసర్‌ను చేరుతుంది.

ఇది మూసి ఉన్న వలయం. డీజిల్ వలె గ్యాస్ ఖర్చు కాదు. గొట్టాల గుండా, సీళ్ళ గుండా ఏళ్ళ తరబడి కొద్ది గ్రాములు తగ్గడం సహజమే. కానీ ప్రతి వేసవిలోనూ నింపవలసి వస్తున్నదంటే ఎక్కడో లీకు ఉన్నదనే అర్థం.

పీడనం చెప్పేది, చెప్పనిది

ఇంజిన్ ఆపి ఉన్నప్పుడు గేజీలో కనిపించే పీడనం గ్యాస్ పరిమాణాన్ని తెలుపుతుందని చాలామంది భావిస్తారు. ఇది పొరపాటు. వంటగ్యాస్ సిలిండర్‌లో చివరి కొద్ది ద్రవం మిగిలే వరకు మంట తగ్గదు. ద్రవం, ఆవిరి కలిసి ఉన్నంత కాలం పీడనం ఉష్ణోగ్రతపైనే ఆధారపడుతుంది, పరిమాణంపై కాదు. ఆర్-134ఎ పీడనం 25 డిగ్రీల వద్ద సుమారు 82 పీఎస్‌ఐ, 30 డిగ్రీల వద్ద 97, 40 డిగ్రీల వద్ద 133. వ్యవస్థలో 200 గ్రాములున్నా 500 గ్రాములున్నా, అందులో కొంత ద్రవం ఉంటే చాలు, ఈ అంకెలే కనిపిస్తాయి. ఆపి ఉన్న పీడనం వీటికంటే బాగా తక్కువగా ఉంటే మాత్రం ద్రవం పూర్తిగా పోయిందని, అంటే గ్యాస్ చాలా కొరవడిందని నిశ్చయించవచ్చు.

గ్యాస్ ఎందుకు ఎక్కదు?

వాయువు ఎక్కువ పీడనం నుంచి తక్కువ పీడనం వైపుకే ప్రవహిస్తుంది. వాక్యూమ్ చేసిన వ్యవస్థలోకి డబ్బాలోని గ్యాస్ మొదట వేగంగా చొరబడుతుంది. రెండు వైపులా పీడనం సమానం కాగానే ఆగిపోతుంది. అక్కడి నుంచి కంప్రెసర్ తిరిగి, అల్పపీడన వైపున పీడనాన్ని తగ్గిస్తేనే మిగిలిన గ్యాస్ వెళ్తుంది. అందువల్ల గ్యాస్ ఎక్కనప్పుడు మొదట చూడవలసింది మాగ్నెటిక్ క్లచ్ పట్టి కంప్రెసర్ తిరుగుతున్నదా అనే విషయాన్ని.

కంప్రెసర్ తిరగకపోతే ఫ్యూజు, రిలే, క్లచ్ కాయిల్, తీగలు వరుసగా పరీక్షించాలి. షెడ్డులో నెలల తరబడి నిలిపిన యంత్రాల్లో ఎలుకలు తీగలు కొరకడం అరుదు కాదు. గ్యాస్ బాగా తగ్గినప్పుడు ప్రెషర్ స్విచ్ కూడా కంప్రెసర్‌ను ఆపివేస్తుంది. చాలా వాహనాల్లో ఈ హద్దు సుమారు 30 పీఎస్‌ఐ. కొందరు ఆ స్విచ్ తీగలను నేరుగా కలిపి కంప్రెసర్‌ను తిప్పుతారు. కంప్రెసర్‌కు అవసరమైన నూనె గ్యాస్‌తో కలిసే ప్రయాణిస్తుంది కాబట్టి, గ్యాస్ లేకుండా తిప్పితే లోపలి భాగాలు అరిగి, బిగుసుకుపోతాయి. చిన్న లోపం పెద్ద ఖర్చుగా మారేది ఇక్కడే.

రెండవ కారణం ఉష్ణోగ్రతలోని తేడా. 25 డిగ్రీల గదిలో ఉంచిన డబ్బాలో పీడనం 82 పీఎస్‌ఐ ఉంటే, 40 డిగ్రీల ఎండలో నిలిపిన వాహనంలో 133 ఉంటుంది. కంప్రెసర్ తిరగనప్పుడు అలాంటి వాహనంలోకి గ్యాస్ ఎక్కకపోగా, వెనుకకు డబ్బాలోకి రావచ్చు. గ్యాస్ వెలువడే కొద్దీ డబ్బా కూడా చల్లబడి, అందులోని పీడనం ఇంకా తగ్గుతుంది. డబ్బాను గోరువెచ్చని నీటిలో ఉంచితే సరిపోతుంది. మంట చూపడం, మరిగే నీరు పోయడం ప్రాణాంతకం.

మూడవది యాంత్రికమైన అడ్డంకి. డబ్బా మూతకు సూది పూర్తిగా గుచ్చుకోకపోవడం, సర్వీస్ పోర్టులోని వాల్వ్ పిన్నును కప్లర్ నొక్కకపోవడం వంటి చిన్న కారణాలను ముందే తోసిపుచ్చాలి.

రెండు గేజీలను కలిపి చదవడం

కంప్రెసర్ తిరుగుతున్నప్పుడు అల్పపీడన, అధికపీడన గేజీలు రెండింటినీ కలిపి చూడాలి. ఒక్క గేజీ గల చౌక పరికరంతో నింపడం ఒంటి కంటితో పొలం చూడడం వంటిది. 30 నుంచి 35 డిగ్రీల వాతావరణంలో అల్పపీడనం సుమారు 30 నుంచి 45, అధికపీడనం సుమారు 200 నుంచి 250 పీఎస్‌ఐ మధ్య ఉండడం సాధారణం. వాహనాన్ని బట్టి, ఎండను బట్టి ఇవి మారుతాయి.

1. రెండూ తక్కువ: గ్యాస్ కొరత. కంప్రెసర్ తరచుగా పట్టి వదులుతూ ఉంటుంది. లీకు వెతకాలి.

2. అల్పపీడనం ఎక్కువ, అధికపీడనం తక్కువ: కంప్రెసర్ నొక్కలేకపోతున్నది. లోపలి వాల్వులు అరిగి ఉండవచ్చు. ఎంత గ్యాస్ పోసినా ప్రయోజనం ఉండదు.

3. అల్పపీడనం శూన్యం వైపు పడిపోవడం: ఎక్స్‌పాన్షన్ వాల్వ్ లేదా డ్రయర్ వద్ద అడ్డంకి. కొంతసేపు చల్లగా ఉండి, ఆగిపోయి, ఆపి ఉంచిన తరువాత మళ్ళీ పనిచేస్తే, లోపలి తేమ వాల్వ్ వద్ద మంచుగా గడ్డకట్టి ఉండవచ్చు. ఇక్కడ గ్యాస్ లోపం లేదు, తేమ దోషం ఉన్నది.

4. రెండూ ఎక్కువ: కండెన్సర్‌కు గాలి ఆడకపోవడం, గ్యాస్ మితిమీరడం, లేదా వ్యవస్థలో గాలి చేరడం. హార్వెస్టర్లలో కండెన్సర్ రెక్కల మధ్య వరి నుసి పేరుకుపోవడం సామాన్య కారణం. ఇంజిన్ చల్లారిన తరువాత, గాలి ప్రవేశించే దిశకు ఎదురుగా లోపలి నుంచి వెలుపలికి, తక్కువ పీడనంతో శుభ్రం చేస్తే ఒక్క గ్రాము గ్యాస్ లేకుండానే చల్లదనం తిరిగి రావచ్చు.

పీడనాలు రెండూ సరిగా ఉండి క్యాబిన్ చల్లబడకపోతే లోపం గ్యాస్ వలయంలో లేదు. క్యాబిన్ ఫిల్టరు, బ్లోయరు, వేడి గాలిని నియంత్రించే తలుపు పరీక్షించాలి.

లీకు, వాక్యూమ్, తూకం

లీకైన చోట గ్యాస్‌తోపాటు నూనె కూడా వెలువడి దుమ్మును పట్టుకుంటుంది. గొట్టాల కలయికల వద్ద, కంప్రెసర్ ఇరుసు సీలు వద్ద, కండెన్సర్ అంచుల్లో జిడ్డు మరకలు తొలి ఆధారం. సబ్బు నురుగు, ఎలక్ట్రానిక్ డిటెక్టర్, అతినీలలోహిత కాంతిలో మెరిసే రంగు తదుపరి సాధనాలు. పీడన పరీక్షకు పొడి నత్రజనిని రెగ్యులేటర్‌తో వాడాలి. ఆక్సిజన్ నూనెతో కలిస్తే పేలుడు సంభవించవచ్చు కాబట్టి దానిని ఎన్నడూ వాడరాదు.

లీకు సరిచేసిన తరువాత కనీసం అరగంట వాక్యూమ్ పంపు నడపాలి. గాలిని తొలగించడంతోపాటు తేమను మరిగించి వెళ్ళగొట్టడం దీని ఉద్దేశం. 30 డిగ్రీల వద్ద నీరు మరగాలంటే పీడనం సాధారణ వాతావరణ పీడనంలో 4 శాతం ప్రాంతానికి దిగాలి. అయితే వాక్యూమ్ నిలిచినంత మాత్రాన లీకు లేదని ధ్రువీకరించరాదు. వాక్యూమ్ పరీక్షలో గోడలపై పడే తేడా ఒక వాతావరణ పీడనమే. పని చేసేటప్పుడు అధికపీడన వైపున అది 15 రెట్లు దాటుతుంది. సన్నని లీకులు ఆ పీడనంలోనే బయటపడతాయి.

నింపవలసిన పరిమాణం బానెట్ కింద అంటించిన చీటీపై గ్రాముల్లో ఉంటుంది. గేజీ చూసి ఉజ్జాయింపుగా కాక, త్రాసుపై తూచి నింపడమే సరైన పద్ధతి. ఇంజిన్ ఆపి ఉంచి, ఛార్జింగ్ యంత్రంతో ద్రవ రూపంలో అధికపీడన వైపు నుంచి తూచి నింపితే గ్యాస్ మధ్యలో ఆగే ఇబ్బంది చాలావరకు తొలగుతుంది. ఇంజిన్ నడుస్తున్నప్పుడు అధికపీడన వాల్వును తెరవరాదు. పీడనం వెనుకకు తన్ని డబ్బా పగిలిపోతుంది. ద్రవం చర్మంపై పడితే గడ్డకట్టి గాయమవుతుంది కనుక కళ్ళద్దాలు, చేతి తొడుగులు తప్పనిసరి. ఆర్-134ఎ వ్యవస్థలో వంటగ్యాస్ గానీ మరొక మిశ్రమం గానీ నింపడం క్యాబిన్‌లో అగ్నిప్రమాదాన్ని ఆహ్వానించడమే.

గాలిలో కలిసేది ఏమిటి?

ఆర్-134ఎ ఓజోన్ పొరకు హాని చేయదు. ఆ కారణంగానే 1987 నాటి మాంట్రియల్ ఒప్పందం తరువాత పాత ఆర్-12 స్థానంలో ఇది వచ్చింది. కానీ నూరేళ్ళ కాలానికి లెక్కిస్తే, భూతాపాన్ని పెంచడంలో ఇది కార్బన్ డయాక్సైడ్‌కు సుమారు 1,430 రెట్లు. అరకిలో గ్యాస్ గాలిలో కలిస్తే 715 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం. ఇది సుమారు 265 లీటర్ల డీజిల్ కాల్చినదానికి సమానమైన భారం. 2016లో కిగాలీలో కుదిరిన సవరణను భారత్ 2021లో ఆమోదించింది. దాని ప్రకారం ఈ తరగతి వాయువుల వినియోగాన్ని మన దేశం 2032 నుంచి దశలవారీగా తగ్గించి, 2047 నాటికి 85 శాతం మేర కుదించాలి. లీకు మూయకుండా ఏటా గ్యాస్ నింపడం ఈ దిశకు పూర్తిగా విరుద్ధం. మరమ్మతుకు ముందు పాత గ్యాస్‌ను గాలిలోకి వదలక, రికవరీ యంత్రంతో సేకరించాలి.

విస్తరణ సిబ్బందికి సూచన

యంత్ర సేవా కేంద్రాల శిక్షణల్లో ప్రతి ఏసీ యంత్రానికీ ఒక చీటీ పెట్టించడం ఉపయోగకరం. మరమ్మతు తేదీ, సేకరించిన గ్యాస్ ఎన్ని గ్రాములు, నింపినది ఎన్ని గ్రాములు, ఆనాటి ఉష్ణోగ్రత, రెండు గేజీల అంకెలు అందులో రాయాలి. 500 గ్రాములు పట్టే వ్యవస్థ నుంచి ఏడాది తరువాత 480 గ్రాములు సేకరిస్తే ఆ వలయం ఆరోగ్యంగా ఉన్నట్లే. అప్పుడు చల్లదనం లేకపోవడానికి కారణం కండెన్సర్ దుమ్ములోనో, వాల్వులోనో వెతకాలి. 200 గ్రాములే వస్తే, లీకు దొరికే వరకు కొత్త డబ్బా తెరవవద్దని డ్రైవరుకు, మెకానిక్కుకు చెప్పాలి. భూసార పరీక్ష ఫలితం చూసి ఎరువు మోతాదు నిర్ణయించినట్లే, ఈ చీటీ చూసి మరమ్మతు నిర్ణయించవచ్చు. దీనికి కావలసినవి ఒక త్రాసు, ఒక కలం మాత్రమే.