మన డాబా మీద నుంచి ఉత్తర ధ్రువ కాంతులు కనబడతాయా?



2024 మే నెలలో ఆకాశం ఎర్రగా, పచ్చగా వెలుగుతున్న ఫొటోలు మీ అందరి ఫోన్లకూ వచ్చే ఉంటాయి. సెలవుల తర్వాత స్కూల్ తెరిచిన వారంలో ఐదో తరగతి పాప ఒకతి నా దగ్గరికి వచ్చింది. అమెరికాలో ఉన్న వాళ్ల మేనమామ అలాంటి ఫొటో పంపాడట. "మా డాబా ఎక్కి చూస్తే మాకు గూడ కనవడ్తదా టీచర్?" అని అడిగింది. "మనకు ఎప్పటికీ కనబడవమ్మా" అని చెప్పి పంపించాను. పాప ముఖం చిన్నబోయింది. ఆ తర్వాత చదివితే తెలిసింది, నా జవాబు పూర్తిగా నిజం కాదని. ఆ పాపకు మళ్లీ చెప్పిన విషయాలే ఇక్కడ రాస్తున్నాను. మీ పిల్లలు అడిగితే పనికొస్తాయి.

ఈ వెలుగు ఎక్కడిది?

సూర్యుడి నుంచి విద్యుదావేశం ఉన్న కణాలు ఎప్పుడూ బయటికి వస్తూనే ఉంటాయి. సూర్యుడి మీద పెద్ద పేలుడు జరిగితే అవి ఒక్కసారిగా ఎక్కువగా వస్తాయి. భూమి ఒక పెద్ద అయస్కాంతం. కాగితం కింద అయస్కాంతం పెట్టి ఇనుప రజను చల్లితే గీతలు గీతలుగా ఏర్పడతాయి కదా! భూమి చుట్టూ కూడా కంటికి కనబడని అలాంటి బలరేఖలు ఉన్నాయి. కణాలు వాటి వెంటే ప్రయాణిస్తాయి. ఆ రేఖలు ధ్రువాల దగ్గరే నేలలోకి దిగుతాయి. మన దగ్గర దాదాపు నేలకు సమాంతరంగా సాగిపోతాయి. అందుకే ఆ కణాలు నార్వే మీద దిగుతాయి, పోచంపల్లి మీద దిగవు.

కణాలు గాలిని తాకినప్పుడు వాయువులు వెలుగుతాయి. సుమారు 100 నుంచి 150 కిలోమీటర్ల ఎత్తులో ఆక్సిజన్ ఆకుపచ్చ రంగు ఇస్తుంది. 200 కిలోమీటర్లు దాటితే అదే ఆక్సిజన్ ఎరుపు రంగు ఇస్తుంది. మన ఊళ్లో నూలుకు రంగు అద్దుతారు. అక్కడ అద్దేవారు లేరు, వాయువే వెలుగుతుంది.

మన దేశంలో కనబడ్డాయా?

కనబడ్డాయి. 2024 మే 10-11 రాత్రి లద్దాఖ్‌లోని హాన్లే అబ్జర్వేటరీ కెమెరాలో ఎర్రటి వెలుగు నమోదైంది. ఎరుపే ఎందుకు? గట్టు అవతల ఉన్న తాటిచెట్టు మొవ్వ మాత్రమే మనకు కనబడినట్టు, చాలా దూరంలోని వెలుగులో పైభాగమే అక్కడివాళ్లకు అందింది.

ఇంకా వెనక్కి వెళ్తే, 1872 ఫిబ్రవరి 4 రాత్రి బొంబాయిలో కూడా ఈ కాంతులు కనబడినట్టు రికార్డులున్నాయి. ముంబయి 19 డిగ్రీల అక్షాంశం మీద ఉంది, మనం 17 డిగ్రీల పైచిలుకు. కాబట్టి సరైన జవాబు "ఎప్పటికీ కనబడవు" కాదు. "చాలా చాలా అరుదు, అంత పెద్ద సౌర తుఫాను రావాలి" అన్నది సరైన జవాబు.

అలాంటిది రావాలని మాత్రం కోరుకోలేం. 1989 మార్చిలో ఒక సౌర తుఫాను వల్ల కెనడాలోని క్యూబెక్‌లో దాదాపు 9 గంటలు కరెంటు పోయింది. అందుకే సూర్యుడి మీద నిఘా అవసరం. 2023 సెప్టెంబర్ 2న శ్రీహరికోట నుంచి వెళ్లిన ఆదిత్య-ఎల్1, భూమికి సుమారు 15 లక్షల కిలోమీటర్ల దూరం నుంచి ఆ పనే చేస్తోంది. మన పక్కనే చౌటుప్పల్‌లో హైదరాబాద్ ఎన్‌జీఆర్‌ఐ వారి భూ అయస్కాంత పరిశీలన కేంద్రం ఉంది. సౌర తుఫాను వచ్చిన రోజు మన కంటికి ఏమీ కనబడకపోయినా, అలాంటి కేంద్రాల్లోని పరికరాలకు తెలిసిపోతుంది.

ఈ నెల ఇంట్లో చేసి చూడండి

వానలు వెనకబట్టాయి, ఆకాశం తేటగా ఉంటోంది. ఒక రాత్రి లైట్లు ఆర్పి పిల్లలతో డాబా ఎక్కండి. ఫోన్లు కింద పెట్టి రండి, చీకటికి కళ్లు అలవాటు పడడానికి 20 నిమిషాలు పడుతుంది. ఉత్తరం వైపు తిరిగి చేయి చాచి పిడికిలి బిగించండి. ఒక పిడికిలి సుమారు 10 డిగ్రీలు. నేల అంచు నుంచి రెండు పిడికిళ్లకు కాస్త తక్కువ ఎత్తులో ధ్రువ నక్షత్రం ఉంటుంది. పెద్దగా మెరవదు, ఓపికగా వెతకాలి. దాని ఎత్తు ఎన్ని డిగ్రీలో మన ఊరి అక్షాంశం దాదాపు అంతే. ఉత్తర ధ్రువ కాంతులకు పేరుపడ్డ నార్వేలోని ట్రామ్సోలో అదే నక్షత్రం ఏడు పిడికిళ్ల ఎత్తున ఉంటుంది. ఆ తేడా చూపిస్తే చాలు, మనకెందుకు కనబడవో పిల్లలకే అర్థమవుతుంది.

ఆ పాప వాళ్ల నాన్న ఒకరోజు మగ్గం పని ముగించుకుని కూతురితో డాబా ఎక్కారట. మర్నాడు క్లాసులో తన పిడికిలి చూపించి "రెండుకు కొంచెం తక్కువ టీచర్!" అంది. మీ పిల్లలు ఎంత కొలిచారో డైరీలో రాసి పంపండి. వాళ్ల ప్రశ్నకు జవాబు తెలియకపోతే నాలాగా తొందరపడి "కాదు" అనకండి. "రేపు తెలుసుకుందాం" అనండి.