మూడో ప్రతి

2022 ఏప్రిల్ 4న జగ్గయ్యపేట, నందిగామ ఉన్నచోటు నుంచి కదలకుండానే జిల్లా మారాయి. కృష్ణా పోయి ఎన్టీఆర్ జిల్లా వచ్చింది, నందిగామ కొత్తగా రెవెన్యూ డివిజను కేంద్రమైంది. ఈ ప్రాంతపు ఊళ్లకు తెలుగు వికీపీడియాలో పేజీలున్నాయి. వాటినీ దిద్దాలి. అక్కడ దిద్దేవాళ్లు ఎవరికి వారే. ఇద్దరు ఒకే వాక్యం మీద పడితే, వెనకగా భద్రపరచబోయినవారికి తెర మీద 'దిద్దుబాటు ఘర్షణ' ఎదురవుతుంది. సాఫ్ట్‌వేర్ ఆఫీసుల్లో పొద్దస్తమానం వినపడే 'మెర్జ్ కాన్‌ఫ్లిక్ట్' ఇదే.

1972లో బెల్ ల్యాబ్స్‌లో మార్క్ రోచ్‌కైండ్ తయారుచేసిన, ప్రోగ్రాముల మార్పులను భద్రపరిచే సాఫ్ట్‌వేర్ ఎస్‌సీసీఎస్‌లో ఈ తగువు లేదు. ఒకరు దిద్దడానికి ఫైలు తీసుకుంటే దానికి తాళం. తిరిగిచ్చేదాకా మిగతావాళ్లు కాచుక్కూర్చోవాలి. 1986లో ఆమ్‌స్టర్‌డామ్‌లో డిక్ గ్రూన్ ఇద్దరు విద్యార్థులతో సీ కంపైలర్ రాస్తున్నాడు. ఒకరు తొమ్మిదింటికొచ్చి అయిదింటికి వెళ్తారు, రెండోవారికి వేళాపాళా లేదు, ఈయనకేమో సాయంత్రాలే ఖాళీ. తాళం పద్ధతి వాళ్లకెలా కుదురుతుంది? అలా పుట్టింది సీవీఎస్. ఎవరి ప్రతి వారు దిద్దుకుని, తర్వాత కలుపుకోవచ్చు.

కలపడమెలా? రెండు ప్రతులు పక్కపక్కన పెడితే తేడా కనిపిస్తుందిగానీ, మార్చిందెవరో తెలియదు. ఇద్దరూ మొదలుపెట్టిన పాత ప్రతి కూడా కావాలి. దాంతో పోల్చి, ఒకరే ముట్టుకున్న వరుసను యంత్రం మారుమాట లేకుండా తీసుకుంటుంది. ఇద్దరూ ముట్టుకుని వేర్వేరుగా మారిస్తే ఆగిపోతుంది. ఈ పని చేసే డిఫ్3 అనే చిన్న ప్రోగ్రామునే వికీపీడియా సాఫ్ట్‌వేరూ వాడుకుంటుంది. 2005లో లైనస్ టోర్వాల్డ్స్ సీవీఎస్ లాంటి పనికే రాసిన గిట్‌దీ ఈ లెక్కే.

జగ్గయ్యపేట పేజీ మొదటి వాక్యంలో ఒకరు 'ఎన్టీఆర్ జిల్లా' అనీ, మరొకరు జిల్లాను వదిలేసి 'నందిగామ డివిజను' అనీ చేర్చారనుకుందాం. రెండూ నిజమే, రెండూ ఉండాల్సినవే. యంత్రానికి ఆ సంగతి పట్టదు. గిట్ అయితే రెండు పాఠాలనూ ఏడేసి గుర్తుల గీతల మధ్య పెట్టి మనకే వదిలేస్తుంది. పైగా వికీలో పేరా మొత్తం దానికి ఒక్కటే వరుస, కాబట్టి పేరా మొదట్లో ఒకరు, చివర్లో ఒకరు దిద్దినా తగువే.

నిజానికి భయపడాల్సింది తగువు రానప్పుడు. పైన ఒకరు ఎన్టీఆర్ జిల్లా అని సరిచేస్తారు. నాలుగు పేరాల కింద మరొకరు ఇదే ఊరిని కృష్ణా జిల్లా సరిహద్దు పట్టణమంటూ కొత్త వాక్యం చేరుస్తారు. వరుసలు వేరు కాబట్టి చడీచప్పుడు లేకుండా రెండూ కలిసిపోతాయి. ప్రోగ్రాములోనూ అంతే. ఒకరు ఫంక్షన్ పేరు మారుస్తారు, ఇంకొకరు వేరే ఫైల్లో పాత పేరుతోనే పిలుస్తారు. మెర్జ్ సాఫీగా అవుతుంది, ప్రోగ్రాము మాత్రం నడవదు.

గిట్‌లో 'రెరెరె' అని ఒక సదుపాయముంది. ఒకసారి మనం తేల్చిన తగువును గుర్తుపెట్టుకుని, అదే మళ్లీ వస్తే తానే అలా తేల్చేస్తుంది. మనం తప్పుగా తేల్చి ఉంటే ఆ తప్పునూ అంతే శ్రద్ధగా తిరగరాస్తుంది. అందుకని, మరిచిపొమ్మని చెప్పడానికీ ఒక ఆదేశం పెట్టారు.