మాల్టు బార్లీకి మొలకే ప్రాణం

రాజస్థాన్, హర్యానా మార్కెట్లలో దాణా రకం కంటే మాల్టు రకం బార్లీ ఎక్కువ ధర పలకడానికి మూలం గింజలోని ఎంజైములే. గింజను నానబెట్టి మొలకెత్తిస్తే ఆల్ఫా ఎమైలేజ్ పుడుతుంది. గింజలో అంతకు ముందే ఉన్న బీటా ఎమైలేజ్ చురుకవుతుంది. మొలకలను సన్నని సెగపై ఆరబెట్టి, మరపట్టి, సుమారు 65 డిగ్రీల సెంటీగ్రేడు వేడినీటిలో కలిపినప్పుడు ఈ రెండూ పిండిపదార్థాన్ని చక్కెరగా మారుస్తాయి. ఆ చక్కెరనే ఈస్టు పులియబెట్టగా బీరు తయారవుతుంది.

తడి సరుకును గోతాలకెత్తి నిల్వచేస్తే, లోపల వేడి పుట్టి మొలకశక్తి నశిస్తుంది. మొలవని గింజ మాల్టుకు పనికిరాదు. అందుకే మాల్టు ఫ్యాక్టరీలు సాధారణంగా 95 శాతానికి తగ్గని మొలక కోరతాయి. తగ్గితే సరుకు దాణా ధరకే పోతుంది. రంగు, తూకంతోపాటు మొలక పరీక్ష కూడా జరిపించి బేరం కుదుర్చుకోవడం వర్తకులకు శ్రేయస్కరం.